పాత సాంచాలు - కొత్త ఆసాములు

సిరిసిల్లలో మరమగ్గాన్ని మరమగ్గమని ఎవరూ పిలవరు. సాంచా అంటారు. భీవండికీ, షోలాపూర్‌కూ వలసపోయిన మన నేత కుటుంబాల వెంట ఆ మాట వచ్చింది, యంత్రమూ ఆ దారినే వచ్చింది. అక్కడ ఏళ్ళ తరబడి ఆడి అరిగిన సాంచాలను విప్పి, ముక్కలుగా లారీకెక్కించి, ఇక్కడ రేకుల షెడ్డులో తిరిగి బిగిస్తే నిన్నటిదాకా కూలికి నేసిన మనిషి ఆసామి అవుతాడు. సిరిసిల్ల సాంచాల లెక్క ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతారు గాని పాతిక వేలకు తక్కువ చెప్పేవారు అరుదు. వాటిలో ఎక్కువ భాగం నాడె అటూ ఇటూ కొట్టుకునే సాదా సాంచాలే. అందులోనూ చాలా మట్టుకు ఇంకొకరి షెడ్డులో ఒక బతుకు బతికి వచ్చినవే.

రైతుల శీర్షికలో సాంచాల ముచ్చటేమిటని అడిగేవారుంటారు. సాంచా కొనే డబ్బు ఎక్కడిదో చూస్తే జవాబు దొరుకుతుంది. కోనరావుపేట, గంభీరావుపేట, ముస్తాబాద్ వైపు బోరు ఎండిన రైతు, వ్యవసాయం మీద ఆశ తెగి, వున్న మూడెకరాల్లో ఎకరం అమ్మి కొడుక్కి నాలుగు సాంచాలు పెట్టిద్దామనుకుంటాడు. దుబాయి నుంచి తిరిగొచ్చిన కొడుకు మళ్ళీ పోనంటే ఇంట్లో నడిచే మొదటి ఆలోచన కూడా ఇదే. ఇంకో సంగతి వుంది. 1970లో సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం - అందరూ ‘సెస్’ అనేది - పనిలోకి దిగింది పల్లెలకు, వ్యవసాయ పంపులకు కరెంటు తేవడానికి. దేశంలో మొదట ప్రయోగంగా పెట్టిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అదొకటి. రైతు బావి మీదికొచ్చిన ఆ తీగలే సాంచాలనూ తిప్పాయి. కాబట్టి ఈ విషయం రైతు పట్టించుకోవలసిందే.

పాత యంత్రం కొనడం తప్పని మేము అనబోవడం లేదు. కొత్తది కొనే తాహతు లేనివాడికి పాతదే దిక్కు. అయితే ధర ఎంత అని అడగడంతోనే చాలామంది ఆగిపోతున్నారు. అడగవలసినవి ఆ తర్వాత చాలా వున్నాయి.

ఇనుము నడిచిన దారి

బొంబాయి మిల్లుల్లో మొదట్లో ఆడిన మగ్గాలు ఇంగ్లండులో లంకాషైర్ కార్ఖానాల నుంచి వచ్చాయి. మిల్లులు వాటిని వాడుకున్నంత వాడుకుని పారేస్తే భీవండి, మాలేగాం లాంటి ఊళ్ళలో చిన్న పెట్టుబడిదారులు కొని షెడ్లు పెట్టారు. 1982 జనవరి 18న మొదలైన బొంబాయి జౌళి కార్మికుల మహా సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. ఆ తర్వాత అనేక మిల్లులు తిరిగి తెరుచుకోలేదు. బట్ట పని ఇంకా ఎక్కువగా భీవండికి తరలింది. కార్మిక సంఘం లేనిచోట, పని గంటల లెక్క లేనిచోట నేయిస్తే యజమానికి చవక. 1985 నాటి జౌళి విధానం వచ్చి మిల్లునూ, మరమగ్గాన్నీ ఒకే గాటన కట్టింది. మన వైపు చూస్తే 1934లో వరంగల్లులో నెలకొన్న ఆజంజాహీ మిల్లు 2002లో మూతబడింది.

ఇప్పుడు భీవండి సేఠు నాడె లేని వేగపు మగ్గాలకు, రేపియర్లకు మారుతున్నాడు. సాదా సాంచా నిమిషానికి నూటముప్పై పిక్కులు వేస్తే రేపియర్ దానికి రెట్టింపూ, మూడింతలూ వేస్తుంది. (పేక పోగు పడుగును ఒకసారి దాటితే ఒక పిక్కు.) మారినవాడు పాతవాటిని దింపుతాడు. తుక్కువాడు కిలోల లెక్కన ఒక ధర చెబుతాడు, సిరిసిల్ల నుంచి వచ్చిన దళారి దానికంటే కాస్త ఎక్కువ చెబుతాడు. అంతే. అక్కడ తుక్కు అయినది ఇక్కడ పెట్టుబడి అవుతుంది.

దీనికి భిన్నమైన సంగతి ఒకటి చెప్పాలి. ఇంగ్లండులో జౌళి పరిశ్రమ దెబ్బతిన్నప్పుడు 1959లో అక్కడి ప్రభుత్వం చట్టం చేసి, పాత మగ్గాలనూ కదుళ్ళనూ పగలగొట్టిన యజమానులకు నష్టపరిహారం ఇచ్చింది. కార్మికుల కంటే యజమానుల మీద ప్రేమతో చేసిన చట్టమే, అందులో సందేహం లేదు. అయినా అరిగిన యంత్రం తాలూకు నష్టాన్ని అక్కడ ఖజానా మోసింది. మన దగ్గర మోసేవాడు ఎకరం అమ్మిన రైతు.

లెక్క వేసి చూద్దాం

ఒక ఉదాహరణ. నాలుగు పాత సాంచాలు, లారీ కిరాయి, విప్పి బిగించిన కూలి, మోటార్లు, వైరింగు, షెడ్డు అడ్వాన్సు అన్నీ కలిపి రెండు లక్షలు అప్పు తెచ్చాడనుకుందాం. బ్యాంకువాడు పాత యంత్రం మీద అప్పివ్వడానికి ముందుకు రాడు. ఎన్నేళ్ళ వయసు, బిల్లేది, అమ్మితే ఎంతొస్తుంది అని అడుగుతాడు. జవాబుండదు. అందుకని నూటికి మూడు రూపాయల మిత్తికి బయట తెస్తాడు, లేకపోతే గిరిగిరి ఫైనాన్సుకు పోతాడు. మూడు రూపాయల లెక్కన నెలకు మిత్తే ఆరు వేలు. అసలు అట్లాగే వుంటుంది.

ఇక రాబడి. అంగుళానికి 52 పిక్కులు పడే బట్ట అనుకుందాం. నిమిషానికి 130 పిక్కులంటే రెండున్నర అంగుళాలు, గంటకు 150 అంగుళాలు. పన్నెండు గంటలు ఆగకుండా ఆడితే 45 మీటర్ల పైచిలుకు. ఆగకుండా ఏ సాంచా ఆడదు. కండె మార్చాలి, తెగిన పోగు అతకాలి, కరెంటు పోతుంది. నూటికి 70 పాళ్ళు ఆడితే 32 మీటర్లు. అదే సాంచా అరిగిపోయినదైతే నాడె ఎగిరిపడుతుంది, పడుగు మాటిమాటికీ తెగుతుంది, జాబర్ కోసం ఎదురుచూపులుంటాయి. 55 పాళ్ళకు దిగిందంటే 25 మీటర్లు. తేడా రోజుకు ఏడు మీటర్లే కదా అనిపిస్తుంది. నాలుగు సాంచాల మీద, నెలకు పాతిక దినాల మీద చూస్తే అది ఏడు వందల మీటర్ల దాకా వస్తుంది. మీటరుకు ఆసామికి అయిదు రూపాయలు ముడుతుందనుకుంటే మూడున్నర వేలు. మిత్తిలో సగానికి పైగా అరిగిన ఇనుమే తినేసిందన్నమాట.

కొనేటప్పుడు సాంచాకు అయిదు వేలు తగ్గిందని సంతోషించినవాడు ఆ అయిదు వేలను ఆరు నెలల్లోపే ఈ దారిన తిరిగి కట్టేస్తాడు. దళారి ఈ లెక్క చెప్పడు. అతనికి సాంచాకు ఇంత అని ముట్టేది ముడుతుంది.

ఏమేమి చూడాలి

సాంచాను ఆడుతుండగా చూడాలి. విప్పి కుప్ప పోసిన సాంచాను ఎంత తక్కువకిచ్చినా కొనవద్దు. పడుగు ఎక్కించి, నాడె వేసి, అమ్మేవాడి షెడ్డులోనే కనీసం ఒక పూట ఆడించమనాలి. ఆడించనంటే ఆ బేరం అక్కడికి సరి. ఆడుతున్నప్పుడు చెవికి తెలిసేది కంటికి తెలియదు. సాంచా చప్పుడు చేస్తుంది, అది సహజం. కాని ఒకే తాళంగా చేయాలి. మధ్యమధ్య ఒక దెబ్బ గట్టిగా పడుతోందంటే క్రాంకు బేరింగులో వదులుందని గాని, నాడెను కొట్టే కట్టె దగ్గర సరిగా లేదని గాని అర్థం.

రెండు పక్కల నిలబడే పోత ఇనుము చట్రాలను దగ్గరగా చూడాలి. పోత ఇనుము పగిలితే అతుకు సరిగా కూర్చోదు. వెల్డింగు పెట్టి పైన మందంగా రంగు పూస్తారు. కొత్తగా రంగు వేసిన పాత సాంచాను చూస్తే జాబర్లు నవ్వుతారు. రంగు గీకి చూడాలి. సుత్తితో మెల్లగా తడితే బాగున్న చట్రం గణగణమంటుంది, చీలినది బొంగురుగా పలుకుతుంది. క్రాంకు షాఫ్టు చక్రానికీ, కింది షాఫ్టు చక్రానికీ పళ్ళు చూడాలి. కింది చక్రం ఒకసారి తిరిగేలోగా పైది రెండుసార్లు తిరుగుతుంది. పళ్ళు సన్నబడి మొన తేలితే అవి ఎంతో కాలం రావు. బట్ట చుట్టుకునే రోలరు మీద గరుకు పోయిందా, బీము అంచు పళ్ళేలు వంకరపోయాయా, నాడె పెట్టె లోపలి చెక్క గుంటలు పడిందా, ఇవన్నీ చేత్తో తడిమి చూడవలసినవి. ఇవి మార్చుకోదగినవే, కాని ధరలో తగ్గించి మాట్లాడుకోవాలి. చట్రం పగుళ్ళకు, షాఫ్టు వంకరకు మాత్రం ధర తగ్గించడమనేది వుండదు. వదిలేసి రావాలి.

పన్నె వెడల్పు ఎన్ని అంగుళాలో టేపు పెట్టి కొలవాలి. దీన్ని చాలామంది మరుస్తారు. ఇరుకు సాంచా మీద లంగా గుడ్డో, గాడా గుడ్డో తప్ప వేరేది రాదు. చీర నేయాలంటే ఆ వెడల్పు వుండాలి. పైన డాబీ పెట్టడానికి చట్రం ఓర్చుకుంటుందా? నాడె పెట్టె ఒక్కటేనా, రంగు మార్చుకునే పెట్టెలున్నాయా? ఒక్క పెట్టె సాంచాలో పేక ఒకే రంగు. ఇదంతా ఎందుకు చెబుతున్నామో కింద తెలుస్తుంది.

మోటారు వేరే లెక్క. చాలామార్లు సాంచా ఒకచోటిది, మోటారు ఇంకోచోటిది వస్తుంది. కాలిపోయి మళ్ళీ తీగ చుట్టించిన మోటారు కరెంటు ఎక్కువ తాగుతుంది, తొందరగా వేడెక్కుతుంది. గంటసేపు ఆడిన తర్వాత చెయ్యిపెట్టి చూస్తే తెలుస్తుంది. ఎర్తింగు లేని షెడ్డులో ఇనుప చట్రం ముట్టుకుని పనిచేసేది మన పిల్లలే. హార్స్‌పవర్ పలక మీద ఏముందో రాసుకోవాలి. చిన్న ఆసాములకు కరెంటు ఛార్జీలో సగం రాయితీ వుంటూ వచ్చింది గాని దానికి హార్స్‌పవర్ హద్దు వుంది. మోటార్ల మొత్తం ఆ హద్దు దాటితే కేటగిరీ మారుతుంది, పాత బాకీ పేరుతో బిల్లు మీద పడుతుంది. ఈ తగాదా సిరిసిల్లలో నలిగింది. మరో రెండు సాంచాలు చవకగా వస్తున్నాయని తెచ్చుకునేముందు సెస్ ఆఫీసులో అడగడం మేలు.

విప్పేటప్పుడు దగ్గరుండాలి. ఒక్కో సాంచా భాగాలకు ఒక్కో రంగు చుక్క పెట్టాలి. లేదంటే నువ్వు చూసిన సాంచా ఒకటి, లారీ దిగేది ఇంకొకటి. బోల్టులూ, మార్పు చక్రాలూ, చిన్న సామాను సంచిలో కట్టించి లెక్కపెట్టుకోవాలి. బయానా ఇచ్చేముందు ఆ సాంచాలు ఏ బ్యాంకుకైనా తాకట్టు వున్నాయేమో కనుక్కోవాలి. అమ్మినట్టు కాగితం, బిల్లు తీసుకోవాలి. రాష్ట్రం దాటి వచ్చే సరుకుకు ఈ-వే బిల్లు లేకపోతే దారిలో లారీ ఆగిపోతుంది, రోజు కిరాయి నీ మీద పడుతుంది. బిల్లు వుంటే రేపు బ్యాంకుకైనా, ప్రభుత్వ పథకానికైనా చూపడానికి పనికొస్తుంది.

వీటన్నిటికీ నమ్మిన జాబర్‌ను వెంట తీసుకుపోవాలి. దళారి తెచ్చిన జాబర్‌ను కాదు. అతనికిచ్చే రోజు కూలి, బస్సు ఖర్చు బరువనిపిస్తే ఈ పనికి దిగకపోవడమే నయం.

నూలు ఎవరిస్తారు?

యంత్రం బాగానే వుందనుకుందాం. ఆడించడానికి నూలు కావాలి. సిరిసిల్లలో నాలుగైదు సాంచాల ఆసామి తన డబ్బుతో నూలు కొని, బట్ట నేసి, బజారులో అమ్ముకోవడం అరుదు. సేఠు నూలు ఇస్తాడు, ఆసామి నేయించి బట్ట అప్పగిస్తాడు. మీటరుకో, పిక్కుకో ఇంత అని కూలి లెక్క. అందులోంచే కార్మికుడి కూలి, కండెలు చుట్టే ఆడవాళ్ళ కూలి, పోగులు అతికే వైపని వాళ్ళ కూలి, కరెంటు బిల్లు, షెడ్డు కిరాయి, జాబర్ డబ్బులు ఇచ్చుకోవాలి. మిగిలితే ఆసామిది. నూలు ధర పెరిగినా, బట్ట పోకున్నా సేఠు చేసే పని ఒక్కటే, నూలు ఇవ్వడం ఆపేస్తాడు. అప్పుడు సాంచాలు ఆగుతాయి, మిత్తి ఆగదు.

పేరుకు ఆసామి యజమాని. అప్పు అతనిది, యంత్రం అతనిది, నష్టం అతనిది. బట్ట మాత్రం అతనిది కాదు. కార్మికుడు కూలి పెంచమని అడిగేది ఆసామినే. సమ్మె వస్తే ఒకే వాడలో ఇద్దరు పేదవాళ్ళు ఎదురెదురుగా నిలబడతారు, నూలిచ్చినవాడు ఎక్కడా కనబడడు. ఈ ఏర్పాటులో పాత సాంచా పాత్ర ఏమిటంటే, అది ఒకే రకం ముతక బట్ట తప్ప నేయలేదు కాబట్టి ఆ బట్ట కొనేవాడి చేతిలో ఆసామిని బందీ చేస్తుంది. వెడల్పు కొలవమన్నదీ, డాబీ సంగతి చూడమన్నదీ అందుకే. రెండు మూడు రకాలు నేయగలిగిన సాంచా వున్నవాడు ఇంకో సేఠు గడప తొక్కగలడు. కొనేముందే ఇద్దరు ముగ్గురిని అడిగి, ఈ వెడల్పు సాంచాకు ఏడాదిలో ఎన్ని నెలలు నూలు ఇస్తారో, గత ఏడాది ఎన్ని నెలలు ఇచ్చారో అవే సాంచాలున్న ఆసాముల దగ్గర తెలుసుకోవాలి. సేఠు మాట కంటే పక్క షెడ్డు ఆసామి అనుభవం ఎక్కువ.

ప్రభుత్వ ఆర్డరును నమ్ముకుని కొన్నవారి గతి కూడా చూశాం. 2017లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచడం మొదలుపెట్టింది. ఆ తర్వాతి ఏళ్ళలో సిరిసిల్లకు ఏటా కొన్ని నెలల పని ఖాయమైంది. చీరల డిజైన్లు మారినకొద్దీ ఆసాములు అప్పుచేసి సాదా సాంచాల మీద డాబీలు, జకార్డులు ఎక్కించారు. 2023 దాకా నడిచింది. ప్రభుత్వం మారింది, 2024లో బతుకమ్మ చీరల ఆర్డరు లేదు. ఆ ఏడాది వేసవిలో సాంచాలు ఆగి, సిరిసిల్ల నుంచి మళ్ళీ ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 1990ల చివరి నుంచి ఇట్లాంటి వార్తలు ఎన్నో చదివిన ఊరు అది. మహిళా సంఘాల సభ్యుల చీరల పేరిట 2025లో తిరిగి ఆర్డరు వచ్చింది. ఈ మధ్య కాలంలో కిలోల లెక్కన తుక్కుకు పోయిన సాంచాలు మాత్రం తిరిగి రాలేదు. ఆర్డరు వున్న నెలల్లో పాత సాంచా ధర ఆకాశంలో వుంటుంది, లేని నెలల్లో తుక్కు ధరకు దిగుతుంది. తెలివైనవాడు రెండో కాలంలో కొనాలి. కాని అప్పు పుట్టేది మొదటి కాలంలోనే, అదీ చిక్కు.

పథకాలు లేవని కాదు. కేంద్రం 1999లో పెట్టిన జౌళి సాంకేతికాభివృద్ధి నిధి పథకం వేగపు మగ్గాలు కొనే స్తోమత వున్నవాళ్ళకు బాగా పనికొచ్చింది. 2017 ఏప్రిల్‌లో వచ్చిన పవర్‌టెక్స్ పథకంలో చిన్న ఆసామి సాదా సాంచాకు పోగు తెగితే ఆగే ఏర్పాటు, మంచి బ్రేకు లాంటివి బిగించుకోవడానికి రాయితీ పెట్టారు. ఎనిమిది సాంచాల లోపు వాళ్ళకే అన్న నియమం మంచిదే. అది కూడా ముగిసిపోయిన పథకమే. రాష్ట్రం తరఫున కార్మికుడినే యజమానిని చేస్తామని పెద్దూరులో షెడ్లు లేపారు. 2023 ఎన్నికల నాటికి షెడ్లున్నాయి, సాంచాలు లేవు.

ఆదిలాబాద్ వైపు

ఆదిలాబాద్ రైతు పత్తి పండిస్తాడు. జిన్నింగ్ మిల్లులో గింజ తీసి బేళ్ళు కట్టేదాకానే ఇక్కడి పని, తర్వాత దూది బయటికి పోతుంది. సిరిసిల్ల సాంచాల మీద ఆడేదేమో ఎక్కువగా బయటి నుంచి వచ్చే పాలిస్టర్. రెండు జిల్లాల మధ్య దూరం కొద్ది గంటలే అయినా రైతు పత్తికీ, ఆసామి సాంచాకూ ముఖపరిచయం లేదు.

అటువైపు పాత యంత్రమంటే గిర్ని, లేత్, వెల్డింగు. మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గు ఊళ్ళలో పనితనం వున్న కుర్రాళ్ళకు కొదవలేదు. లేత్ కొనేవారికి ఒక్కమాట: నడిచే బండిని చక్కు దగ్గర బిగుతుగా సరిచేసి, చివరిదాకా తోసి చూడండి. చక్కు దగ్గర సరిగా కదిలి చివర పట్టేస్తుంటే మంచం చక్కు వైపు అరిగిందన్నమాట. దానిమీద ఇరుసు నూటికి నూరుపాళ్ళు రాదు. రైతుల ట్రాక్టరు పట్టీలకు, నాగలి పనికి ఆ మాత్రం చాలు, బోరు మోటారు షాఫ్టులకు చాలదు. ఏ పని వస్తుందో ముందు తేల్చుకుని ఆ పనికి సరిపడే యంత్రానికే ధర కట్టాలి. గిర్ని అయితే ఊళ్ళో ఇప్పటికే ఎన్ని వున్నాయో, నెలకు ఎంత ధాన్యం పడుతుందో లెక్క చూడాలి. సాంచాకు సేఠు ఎట్లాగో దానికి ఊరు అట్లా.

2024లో వేములవాడలో నూలు డిపో పెడతామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ నూలు నాలుగు సాంచాల ఆసామికి నేరుగా, అప్పు మీద, జమానతు పీడ లేకుండా అందాలి. సంఘాల పేరు పెట్టి, పెద్ద మొత్తంలో డిపాజిట్ కట్టినవాళ్ళకే ఇస్తే ఆ నూలు కూడా పాత సేఠుల గోదాముల్లోంచే ఆసామికి వస్తుంది. పాత యంత్రం మీద కూడా బ్యాంకు అప్పు పుట్టాలంటే దాని స్థితిని చూసి కాగితం రాసిచ్చే మెకానిక్ ఒకరుండాలి. దేశంలో జౌళి కమిషనర్ కింద మరమగ్గాల సేవా కేంద్రాలు పనిచేస్తున్నాయి, ఈ పనిని వాటికి అప్పగించమని ఆసాముల సంఘాలు అడగాలి. అది వచ్చేలోగా భీవండికి ఒక్కడే పోకుండా నలుగురు ఆసాములు కలిసి, ఒక జాబర్‌ను మాట్లాడుకుని, ఒకే లారీకి సరిపడా సాంచాలు ఒకే షెడ్డులో కొంటే కిరాయి కలిసొస్తుంది, బేరం కుదురుతుంది, ఒకరి సాంచా చక్రం విరిగితే ఇంకొకరి దగ్గర దానికి జోడు దొరుకుతుంది.